నెట్ డాంగిల్ వాడుతున్నారా? సిమ్ పెట్టే ముందే ఇవి చూసుకోండి

మా ఆఫీసులో ఒక పూట కేబుల్ నెట్ ఆగిపోతే, డ్రాయర్‌లో ఎప్పటినుంచో పడి ఉన్న యూఎస్‌బీ డాంగిల్‌ను బయటికి తీశాం. ల్యాప్‌టాప్‌కి పెడితే నెట్ రాలేదు గానీ, దాని సెట్టింగ్స్ పేజీ మాత్రం తెరుచుకుంది. అందులో మెసేజ్‌ల బాక్స్ ఒకటి ఉంది. నొక్కి చూస్తే, ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన సహోద్యోగికి బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్‌లు వరుసగా కనిపించాయి. ఖాతాలో ఎంత పడింది, ఎంత తీశారు, ఏ రోజు ఓటీపీ వచ్చింది.. అన్నీ. పాస్‌వర్డ్ కూడా అడగలేదు.

డాంగిల్‌ను చాలామంది పెన్‌డ్రైవ్‌లాగే చూస్తారు. అవసరానికి పక్కింటివాళ్లకు ఇస్తారు, ఆఫీసు టేబుల్ మీద వదిలేస్తారు, పాతదైతే అమ్మేస్తారు. నిజానికి అది తెర లేని మొబైల్ ఫోన్. దానికీ 15 అంకెల ఐఎంఈఐ నంబర్ ఉంటుంది. అందులోనూ మీ ఆధార్ చూపించి తీసుకున్న సిమ్ ఉంటుంది. ఫోన్‌కి వేలిముద్ర లాక్ పెట్టుకుంటాం, దీనికి ఏమీ పెట్టం. తేడా అంతే.

అందుకే డాంగిల్ ఎలా ఎంచుకోవాలి, ఏ సిమ్ వేయాలి, ఎలా అమర్చుకోవాలి, పోతే ఏం చేయాలి అన్నది ఒక్కచోట చూద్దాం.

ఫోన్‌లో హాట్‌స్పాట్ ఉండగా ఇదెందుకు?

చాలామందికి అవసరం లేదు. నెలకో రెండు నెలలకో ఒకసారి నెట్ పోతే, ఆ గంటసేపు ఫోన్ హాట్‌స్పాట్ చాలు. దానికోసం డబ్బులు పెట్టి డాంగిల్ కొనక్కర్లేదు.

అయితే రోజూ గంటల తరబడి కంప్యూటర్ మీద పనిచేసేవారి సంగతి వేరు. హాట్‌స్పాట్ నడుస్తుంటే ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. ఫోన్ తీసుకుని ఇంట్లోవాళ్లు బయటికి వెళ్తే నెట్ కూడా వాళ్లతోపాటే వెళ్తుంది. వై-ఫై లేని పాత డెస్క్‌టాప్ ఉన్నవారు, ఊళ్లు తిరుగుతూ పనిచేసేవారు, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే చిన్న సెంటర్ల నిర్వాహకులు, అద్దె గదిలో ఉంటూ బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకోలేని విద్యార్థులు.. వీళ్లకు డాంగిల్ ఇప్పటికీ పనికొచ్చే వస్తువే.

తుపాను వస్తే పనికొస్తుందని కొనాలనుకుంటే మాత్రం ఆలోచించండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు సెల్‌ఫోన్ నెట్‌వర్క్‌లు కూడా కుప్పకూలాయి. డాంగిల్ నడిచేది ఆ టవర్ల మీదే. వీధిలో కేబుల్ తెగితే ఇది ఆదుకుంటుంది. టవర్‌కే కరెంటు లేకపోతే ఇదీ ఏమీ చేయలేదు.

ఇంట్లో ఉన్న పాత డాంగిల్ పనిచేస్తుందా?

ముందు అది ఏ కాలం నాటిదో చూడండి. టాటా ఫోటాన్, రిలయన్స్ నెట్‌కనెక్ట్, ఎంటీఎస్ ఎంబ్లేజ్ పేర్లతో ఒకప్పుడు అమ్మినవి సీడీఎంఏ డాంగిల్స్. ఆ నెట్‌వర్క్‌లే ఇప్పుడు లేవు. అవి ఎంత కొత్తగా కనిపించినా పారేయాల్సినవే.

తర్వాత వచ్చిన 3జీ డాంగిల్స్‌తోనూ ఇబ్బందే. జియోకి మొదటి నుంచీ 3జీ లేదు. ఎయిర్‌టెల్ 2020 నాటికి 3జీని మూసేసింది. అలాంటి డాంగిల్‌లో ఎయిర్‌టెల్ సిమ్ వేస్తే 2జీ మీద వెళ్తుంది. దాంతో మెయిల్ తెరుచుకోవడమే కష్టం.

కాబట్టి ఇప్పుడు కొనేవారు కనీసం 4జీది చూసుకోవాలి. డబ్బా మీద 150 ఎంబీపీఎస్ అని రాసి ఉంటుంది. అది లెక్క ప్రకారం అందుకోగల గరిష్ఠ వేగం మాత్రమే. టవర్ దూరం, ఆ సమయంలో ఆ టవర్ మీద ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి మీకు వచ్చేది అందులో చిన్న భాగమే. ఆ అంకె చూసి ఎక్కువ డబ్బులు పెట్టకండి.

అంతకంటే ముఖ్యమైన అంకెలు డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటాయి. అవి బ్యాండ్లు. జియో 4జీ ప్రధానంగా బ్యాండ్ 3, 5, 40 మీద నడుస్తుంది. ఎయిర్‌టెల్‌కి 1, 3, 8, 40 ఉంటే మంచిది. బీఎస్ఎన్ఎల్ 4జీ వాడాలనుకునేవారు బ్యాండ్ 28, బ్యాండ్ 1 ఉన్నాయో లేదో తప్పనిసరిగా చూసుకోవాలి. ఇందులో బ్యాండ్ 28 అంటే 700 మెగాహెర్ట్జ్. పాత 4జీ డాంగిల్స్ చాలావాటిలో ఇది ఉండదు. '4జీ డాంగిలే కదా, బీఎస్ఎన్ఎల్ ఎందుకు పట్టుకోవడం లేదు' అనుకునేవారి సమస్య తరచూ ఇదే.

కంపెనీ షోరూమ్‌లో కొన్నవి ఆ కంపెనీ సిమ్‌కే లాక్ అయి ఉండొచ్చు. ఇంకో సిమ్ వేస్తే అన్‌లాక్ కోడ్ అడుగుతుంది. ఏ సిమ్ అయినా పనిచేసే డాంగిల్ కావాలంటే కొనేటప్పుడే అడగండి. వీలైతే షాపులోనే మీ సిమ్ వేసి చూపించమనండి.

మరీ చవకవి, సెకండ్ హ్యాండ్‌వి కొనొచ్చా?

ఆన్‌లైన్‌లో '4జీ వైఫై యూఎస్‌బీ డాంగిల్' అని వెతికితే పేరూ ఊరూ లేని తెల్లటి స్టిక్‌లు బోలెడు కనిపిస్తాయి. వీటిలో చాలామటుకు లోపల నడిచేది ఆండ్రాయిడ్ 4.4. అది 2013లో వచ్చిన సాఫ్ట్‌వేర్. దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి. వై-ఫై పాస్‌వర్డ్ 1234567890, సెట్టింగ్స్ పేజీకి పాస్‌వర్డ్ 'అడ్మిన్' అని పెట్టి అమ్మేస్తారు. సినిమా చూసుకోవడానికి వాడితే మీ ఇష్టం. బ్యాంకు పని, ప్రభుత్వ పోర్టల్ లాగిన్‌లు చేసే కంప్యూటర్‌కి దాన్ని తగిలించడం మాత్రం మంచిది కాదన్నది మా అభిప్రాయం.

సెకండ్ హ్యాండ్ డాంగిల్ కొంటుంటే ఒక్క నిమిషం ఆగండి. దాని వెనక స్టిక్కర్ మీద, లేదా మూత తీస్తే సిమ్ పెట్టే చోట ఐఎంఈఐ నంబర్ ముద్రించి ఉంటుంది. మీ ఫోన్ నుంచి ఇంగ్లిష్‌లో కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు టైప్ చేసి 14422కి ఎస్ఎంఎస్ పంపండి. టెలికం శాఖ 'సంచార్ సాథీ' పోర్టల్‌లో, యాప్‌లో కూడా చూడొచ్చు. 'బ్లాక్ లిస్టెడ్' అనో, 'డూప్లికేట్' అనో, 'ఆల్రెడీ ఇన్ యూజ్' అనో వస్తే ఆ వస్తువు వద్దు. సెట్టింగ్స్ పేజీలో కనిపించే ఐఎంఈఐ, స్టిక్కర్ మీద ఉన్నది ఒకటేనా అని కూడా పోల్చుకోండి. రెండూ వేర్వేరుగా ఉంటే, ఎవరో దాన్ని మార్చారని అర్థం.

ఇది చిన్న విషయం కాదు. టెలికమ్యూనికేషన్ల చట్టం-2023 ప్రకారం ఐఎంఈఐ వంటి గుర్తింపు నంబర్లను మార్చడం నేరం. మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా పడొచ్చు. 2025 నవంబరులో టెలికం శాఖ ప్రజలకు ఇచ్చిన హెచ్చరికలో, ఐఎంఈఐ మార్చిన ఫోన్లతోపాటు అలాంటి మోడెమ్‌లను కూడా కొనొద్దు, వాడొద్దు అని ప్రత్యేకంగా చెప్పింది. 'నాకు తెలియదు, షాపువాడు ఇచ్చాడు' అని చెప్పుకోవాల్సిన పరిస్థితి తెచ్చుకోవద్దు. బిల్లు తీసుకోండి, అందులో ఐఎంఈఐ నంబర్ రాయించండి.

ఏ సిమ్ వేయాలి?

డాంగిల్ విషయంలో ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. ఇంట్లో ఖాళీగా ఉన్న సిమ్ ఏదో వేసేస్తారు. తరచూ అది పాత నంబర్. ఆ పాత నంబరే ఏదో ఒక బ్యాంకు ఖాతాకో, ఆధార్‌కో, గ్యాస్ కనెక్షన్‌కో, పీఎఫ్‌కో లింక్ అయి ఉంటుంది.

బ్యాంకుకి, ఆధార్‌కి, యూపీఐకి లింక్ అయిన నంబర్‌ను డాంగిల్‌లో వేయకండి. ఎందుకంటే, మెసేజ్‌లు కొన్ని డాంగిల్స్‌లో వస్తాయి, కొన్నింట్లో రావు. అది డాంగిల్‌ను, నెట్‌వర్క్‌ను బట్టి ఉంటుంది. వస్తే, మా ఆఫీసులో జరిగినట్టు ఆ డాంగిల్‌కి కనెక్ట్ అయినవాళ్లందరికీ మీ ఓటీపీ కనిపించే అవకాశం ఉంది. రాకపోతే, ఓటీపీ కావాల్సిన ప్రతిసారీ సిమ్ తీసి ఫోన్‌లో వేయాలి. ఆధార్ ఓటీపీ కోసం మీసేవ కౌంటర్ ముందు నిలబడి, సిమ్ ఇంట్లో డాంగిల్‌లో ఉందని గుర్తొస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

డాంగిల్ కోసం విడిగా ఒక సిమ్ తీసుకోండి. దాన్ని మరే సేవకూ లింక్ చేయకండి.

ఆ సిమ్ మీ పేరు మీదే ఉండాలి. షాపులో 'యాక్టివేట్ అయిన సిమ్ ఉంది, డాంగిల్‌తో కలిపి ఇచ్చేస్తాం' అంటే తీసుకోకండి. వేరొకరి పత్రాలతో తీసిన సిమ్ వాడితే చిక్కుల్లో పడేది మీరే. మోసంతో సిమ్ తీసుకోవడానికి కూడా పైన చెప్పిన శిక్షలే వర్తిస్తాయి.

అదే సమయంలో మీ సిమ్ ఉన్న డాంగిల్‌ను ఇతరులకు ఇచ్చినా జాగ్రత్త అవసరమే. దాని ద్వారా ఎవరు ఏం చేసినా, టెలికం కంపెనీ రికార్డుల్లో కనిపించేది మీ పేరు, మీ చిరునామా. దర్యాప్తు అధికారులు మొదట తట్టేది మీ తలుపే. రూమ్‌మేట్ ఖాళీ చేసి వెళ్తూ 'నాలుగు రోజులు వాడుకుని పంపిస్తా' అంటే, డాంగిల్ ఇవ్వండి, సిమ్ తీసి పెట్టుకోండి. మొహమాటం అనిపిస్తే ఈ కథనం లింకు పంపండి.

మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో తెలుసుకోవడం ఇప్పుడు సులువు. సంచార్ సాథీలో మీ నంబర్, దానికి వచ్చిన ఓటీపీ ఇస్తే జాబితా వస్తుంది. టాఫ్‌కాప్ అని పిలిచే ఈ సదుపాయం 2021లో తొలుత ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే మొదలైంది. తర్వాత దేశమంతటికీ వచ్చింది. జాబితాలో మీకు తెలియని నంబర్ ఉంటే 'నా నంబర్ కాదు' అని, మీదే అయినా వాడకం లేకపోతే 'అవసరం లేదు' అని అక్కడే చెప్పొచ్చు. ఒకరి పేరు మీద 9 కనెక్షన్ల వరకే అనుమతి. జమ్మూకశ్మీర్, అస్సాం, ఈశాన్య రాష్ట్రాల్లో అయితే 6. మూలనపడిన డాంగిల్స్‌లో మర్చిపోయిన సిమ్‌లు ఈ లెక్కలో చేరిపోతుంటాయి.

చిన్న కంపెనీ నడుపుతూ సిబ్బందికి డాంగిల్స్ ఇచ్చేవారికి ఒక మాట. కంపెనీ పేరు మీద తీసుకునే బిజినెస్ కనెక్షన్లలో ఒక్కో సిమ్‌ను వాడే వ్యక్తికి కూడా కేవైసీ చేయించాలని 2023లో నిబంధన వచ్చింది. మనిషి మానేసి వెళ్తే ఆ వివరాలు మార్పించండి.

పెట్టగానే ఏం జరుగుతుంది?

సిమ్ వేసేటప్పుడు డాంగిల్ కంప్యూటర్‌కి తగిలించి ఉండకూడదు. ముందు సిమ్, తర్వాత డాంగిల్. స్లాట్ సైజు చూసుకోండి. పాతవాటికి పెద్ద సిమ్ కావాలి. నానో సిమ్‌ను అడాప్టర్‌లో పెట్టి వేస్తే, తీసేటప్పుడు లోపలి పిన్నులకు తగులుకుని విరగ్గొట్టే ప్రమాదం ఉంది. నెమ్మదిగా తీయండి.

డాంగిల్స్ రెండు రకాలు. ఒక రకం పెట్టగానే కంప్యూటర్‌లో సీడీ డ్రైవ్‌లాంటిది కనిపిస్తుంది. డాంగిల్‌లోనే దాచిన సాఫ్ట్‌వేర్ అది. ఇన్‌స్టాల్ చేశాక 'కనెక్ట్' బటన్‌తో ఒక విండో వస్తుంది. పాత డాంగిల్స్ ఎక్కువగా ఇలాంటివే. డయల్ నంబర్ అడిగితే *99# అని ఇవ్వాలి. ఇలాంటి పాత సాఫ్ట్‌వేర్‌లు కొత్త మ్యాక్‌లలో తరచూ నడవవు.

రెండో రకానికి ఇన్‌స్టాల్ చేసేది ఉండదు. కంప్యూటర్ దాన్ని లాన్ వైరు తగిలించినట్టుగానే భావిస్తుంది. బ్రౌజర్‌లో 192.168.8.1 గానీ 192.168.0.1 గానీ 192.168.1.1 గానీ కొడితే సెట్టింగ్స్ పేజీ వస్తుంది. సరైనది ఏదో స్టిక్కర్ మీదే రాసి ఉంటుంది. కొత్తగా కొనేవారు ఈ రకమే తీసుకోవడం మేలు. విండోస్ అయినా, లినక్స్ అయినా, యూఎస్‌బీ మోడెమ్‌లకు వీలున్న రౌటర్ అయినా పెద్దగా కుస్తీ పట్టక్కర్లేదు.

మొదటి రకం డాంగిల్ సెకండ్ హ్యాండ్‌ది అయితే, దానిలో ఉన్న సాఫ్ట్‌వేర్‌ను నమ్మి ఇన్‌స్టాల్ చేయకండి. ఇందులోని ఇన్‌స్టాలర్ ఫైళ్లను మార్చి మళ్లీ డాంగిల్‌లోనే పెట్టడం సాధ్యమేనని 2013లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన బ్లాక్ హ్యాట్ సదస్సులో రష్యా పరిశోధకులు వివరించారు. మనం చేత్తో 'యస్' నొక్కి ఇన్‌స్టాల్ చేస్తాం కాబట్టి కంప్యూటర్ కూడా అడ్డు చెప్పదు. 'ఫ్రీ డ్రైవర్ డౌన్‌లోడ్' అని గూగుల్‌లో కనిపించే సైట్లూ అంతే. తయారీ కంపెనీ సైట్‌లో డ్రైవర్ దొరక్కపోతే, ఆ డాంగిల్‌కి కాలం చెల్లిందని అనుకోవడమే మంచిది.

సిగ్నల్ చూపిస్తూ నెట్ మాత్రం రాకపోతే మొదట చూడాల్సింది ఏపీఎన్. జియోకి 'జియోనెట్', ఎయిర్‌టెల్‌కి 'ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ డాట్ కామ్', బీఎస్ఎన్ఎల్‌కి 'బీఎస్ఎన్ఎల్‌నెట్' అని ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేయాలి. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ గడులు ఖాళీగా వదిలేయండి. ఒక కంపెనీ సిమ్ తీసి ఇంకో కంపెనీది వేసినప్పుడు పాత ఏపీఎన్ అలాగే ఉండిపోవడం మామూలే.

మొదటి పది నిమిషాల్లో మార్చాల్సినవి

నెట్ రాగానే పనిలో పడిపోతాం. సెట్టింగ్స్ పేజీకి మళ్లీ వెళ్లం. అందుకే వెళ్లిన మొదటిసారే ఇవి పూర్తి చేసేయండి.

అన్నింటికంటే ముందు ఆ పేజీకి ఉన్న అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. కొన్ని డాంగిల్స్‌కి అసలు పాస్‌వర్డే ఉండదు. 'లాగిన్ అవసరం' అన్న ఆప్షన్‌ను మనమే ఆన్ చేయాలి. ఈ పేజీ చేతికి చిక్కినవాళ్లు డీఎన్ఎస్ మార్చగలరు. డీఎన్ఎస్ అంటే మీరు టైప్ చేసిన సైటు పేరును చిరునామాగా మార్చే సర్వర్. అది మారితే, మీరు సరైన పేరే కొట్టినా నకిలీ సైటు తెరుచుకోవచ్చు.

డాంగిల్ వై-ఫై కూడా ఇచ్చేదైతే, స్టిక్కర్ మీద ఉన్న వై-ఫై పాస్‌వర్డ్‌నూ మార్చండి. స్టిక్కర్ ఎవరైనా ఫోటో తీసుకోవచ్చు. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఉండాలి. డబ్ల్యూపీఎస్ అన్నది ఆఫ్ చేయండి. వై-ఫై పేరుగా మీ పేరు, ఫ్లాట్ నంబర్ పెట్టకండి. ఒక్క కంప్యూటర్‌కే వాడుతుంటే వై-ఫైని పూర్తిగా ఆపేయడం ఇంకా మంచిది. వేడీ తగ్గుతుంది.

మెసేజ్‌ల బాక్స్ తెరిచి ఉన్నవన్నీ తీసేయండి. 'అప్‌డేట్' దగ్గర కొత్త ఫర్మ్‌వేర్ ఉంటే వేయండి. ఆ సమయంలో డాంగిల్ కదపకూడదు, ల్యాప్‌టాప్‌కి ఛార్జర్ పెట్టి ఉంచాలి. విండోస్ 'ఇది పబ్లిక్ నెట్‌వర్కా, ప్రైవేటా' అని అడిగితే పబ్లిక్ అనండి. అప్పుడు మీ ఫోల్డర్లు ఇతరులకు కనిపించవు.

సిమ్‌కి పిన్ పెట్టే ఆప్షన్ కూడా అక్కడే ఉంటుంది. డాంగిల్ పోయినా, ఆ సిమ్‌ను ఇంకో ఫోన్‌లో వేసి వాడకుండా ఇది ఆపుతుంది. తెర లేని ఫోన్‌కి మనం వేయగలిగిన తాళం ఇదే. అయితే ముందుగా ఉండే పిన్ ఏమిటో కస్టమర్ కేర్‌ని అడిగి తెలుసుకున్నాకే ముట్టుకోండి. ఊహించి కొట్టొద్దు. మూడుసార్లు తప్పయితే సిమ్ లాక్ అయి పీయూకే కోడ్ అడుగుతుంది. అది పదిసార్లు తప్పయితే ఆ సిమ్ ఇక పనికిరాదు, కొత్తది తీసుకోవాల్సిందే.

పొద్దున్నే డేటా ఎందుకు అయిపోతోంది?

ఫోన్‌లో రోజుకు 2 జీబీ మిగిలిపోయేవారికి కూడా, అదే ప్లాన్ డాంగిల్‌లో పదింటికల్లా అయిపోతుంది. కారణం మీరు చూసే సైట్లు కాదు, కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పనులు. విండోస్ అప్‌డేట్లు, వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్, యాంటీవైరస్.. అన్నీ నెట్ కనిపించగానే పని మొదలుపెడతాయి.

దీనికి విండోస్‌లోనే మందు ఉంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌కి వెళ్లి, మీ కనెక్షన్ ప్రాపర్టీస్‌లో 'మీటర్డ్ కనెక్షన్' ఆన్ చేయండి. పెద్ద అప్‌డేట్లు ఆగుతాయి. విచిత్రం ఏంటంటే, రెండో రకం డాంగిల్‌ను విండోస్ లాన్ వైరు అనుకుంటుంది కదా, అందుకే దానికి ఈ జాగ్రత్త తనంతట తీసుకోదు. మీరే 'ఈథర్నెట్' కింద వెతికి ఆన్ చేయాలి. సెక్యూరిటీ అప్‌డేట్లను పూర్తిగా వదిలేయకుండా, వారానికోసారి మంచి వై-ఫై ఉన్నచోట వేసుకోండి.

రోజువారీ కోటా దాటితే చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. దరఖాస్తుకు చివరి తేదీ రోజు సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయాల్సినవారు ఆ ఉదయం సినిమా పెట్టకండి. 'డేటా బూస్టర్' ప్యాక్ వేస్తే డేటా వస్తుంది గానీ, సాధారణంగా సిమ్ వ్యాలిడిటీ పెరగదు. ఇంకో సంగతి, 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే ప్రీపెయిడ్ సిమ్‌ను కంపెనీ రద్దు చేయొచ్చు. ఆ నంబర్ కొన్నాళ్లకు వేరొకరికి వెళ్తుంది. డాంగిల్ నంబర్‌ను దేనికీ లింక్ చేయొద్దని చెప్పడానికి ఇదీ ఒక కారణం.

సిగ్నల్ సరిగా రాకపోతే

డాంగిల్‌ను ల్యాప్‌టాప్‌కి నేరుగా గుచ్చడం కంటే, మీటరో మీటరున్నరో పొడవున్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో కిటికీ దగ్గర పెడితే తేడా కనిపిస్తుంది. యూఎస్‌బీ 3 పోర్టుల నుంచి వచ్చే రేడియో గోల కూడా తగ్గుతుంది. ల్యాప్‌టాప్ కదిపినప్పుడు పోర్టు వదులయ్యే బాధా ఉండదు. ఒకే హబ్‌కి మౌస్, హార్డ్ డిస్క్, డాంగిల్ అన్నీ పెడితే కరెంటు చాలక నెట్ మాటిమాటికీ తెగిపోతుంది. డాంగిల్‌కి సొంత పోర్టు ఇవ్వండి.

సెట్టింగ్స్ పేజీలో ఆర్ఎస్ఆర్‌పీ అనే అంకె ఉంటే గీతల కంటే దాన్నే నమ్మండి. మైనస్ 80, 90 మధ్య ఉంటే బాగున్నట్టు. మైనస్ 110 దాటితే ఆ మూలన కూర్చోవడం వృథా.

వాడేటప్పుడు డాంగిల్ గోరువెచ్చగా కావడం సహజం. ముట్టుకోలేనంత వేడెక్కితే తీసేసి చల్లారనివ్వండి. పరుపు మీద, దిండు కింద పెట్టి రాత్రంతా వదిలేయకండి.

డాంగిల్ పోయినా, అమ్మినా

పోతే ముందు సిమ్ బ్లాక్ చేయించండి. డాంగిల్‌లోని నంబర్ ఏమిటో చాలామందికి గుర్తుండదు. ఈరోజే ఆ నంబర్, ఐఎంఈఐ రెండూ ఫోటో తీసి దాచుకోండి. తర్వాత పోలీసులకు ఫిర్యాదు చేసి, అందులో ఐఎంఈఐ రాయించండి. ఆ తర్వాత దానితో ఎవరైనా తప్పుడు పని చేస్తే, మీ దగ్గర తేదీతో ఉన్న కాగితం ఉంటుంది. బ్యాంకుకి లింక్ అయిన సిమ్ అందులో ఉంటే బ్యాంకుకీ వెంటనే చెప్పండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

అమ్ముతుంటే, ఎవరికైనా ఇస్తుంటే సిమ్ తీయడంతో పని అయిపోదు. మెసేజ్‌లు డాంగిల్ మెమరీలోనూ ఉంటాయి. సెట్టింగ్స్ పేజీలో మెసేజ్‌లు తీసేసి, 'ఫ్యాక్టరీ రీసెట్' చేసి, మళ్లీ తగిలించి బాక్స్ ఖాళీగా ఉందో లేదో చూశాకే ఇవ్వండి. మెమరీ కార్డు స్లాట్ ఉంటే అదీ చూడండి. చాలామంది అందులో కార్డు మర్చిపోతారు.

అన్నీ సరిగా ఉన్నా నెట్ రాకపోతే?

ఫిర్యాదు చేసే ముందు ఒక చిన్న పరీక్ష. డాంగిల్‌లోని సిమ్ తీసి, అదే గదిలో, ఫోన్‌లో వేసి ట్రాయ్ 'మైస్పీడ్' యాప్‌తో వేగం చూడండి. ఫోన్‌లో బాగా వస్తే లోపం డాంగిల్‌దే. ఫోన్‌లోనూ రాకపోతే అది నెట్‌వర్క్ సమస్య. ఆ ఫలితాన్ని స్క్రీన్‌షాట్ తీసుకోండి.

అప్పుడు 198కి ఫోన్ చేయండి, ఉచితం. ఫిర్యాదుకు డాకెట్ నంబర్ ఇస్తారు. అది లేకుండా ఫోన్ పెట్టేయకండి. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకోవచ్చు. వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. దీనికీ ఫీజు లేదు. వ్యక్తిగత ఫిర్యాదులను ట్రాయ్ నేరుగా తీసుకోదు కాబట్టి అక్కడికి రాసి సమయం పోగొట్టుకోవద్దు. ఇదంతా అయ్యాక కూడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. టెలికం కంపెనీలపై ఫిర్యాదులను వినే అధికారం ఆ కమిషన్లకు ఉందని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. డాకెట్ నంబర్లు, రీచార్జ్ రసీదులు, స్పీడ్ స్క్రీన్‌షాట్లు అక్కడ పనికొస్తాయి.